తెల్ల బుడిపెలు

మా ఇళ్ళలో కోడలు అత్తింటి పెద్దల పేర్లు నోటితో పలకకూడదు. మామగారికీ, బావగారికీ, ఆఖరికి మొగుడి అక్కకీ తనే ఏదో ఒక పేరు కల్పించుకోవాలి. నేను కాపురానికి వచ్చిన కొత్తలోనే మా ఆయన అక్కకి ‘గడ్డివేళ్ళ వదిన’ అని పేరు పెట్టేశాను. ఎప్పుడు చూసినా ఆమె చేతిలో మట్టితో సహా పెకిలించిన లూసర్న్ అనే పశువుల మేతగడ్డి మొక్క ఒకటి వేలాడుతూ ఉండేది. దాని వేళ్ళని కళ్ళద్దాలకి ఆనించుకుని చూస్తూ, ఎదురుగా మనిషి నిలబడ్డా గమనించేది కాదు. ఆ పేరు విని మా అత్తగారు టీ గిన్నె కింద పెట్టి మరీ నవ్వింది.

వదిన అసలు పేరు ఉల్బోసిన్. ‘కొడుకు పుట్టాలి’ అని దాని అర్థం. వరసగా ఆడపిల్లలే పుట్టే ఇంట్లో ఇంకో ఆడపిల్ల పుడితే ఇలాంటి పేరు పెట్టి దేవుడికి గుర్తు చేస్తారు. ఆమె తర్వాత మా ఆయన సర్సెన్‌బాయ్ పుట్టాడు కాబట్టి ఆ పేరు పనిచేసిందనే అనుకోవాలి. ఇప్పుడు నన్ను కసిరే పెద్దలెవరూ మిగల్లేదు కనుక రాయగలుగుతున్నాను. నోటితో మాత్రం ఈనాటికీ అనలేను.

మాది సిర్ నది కింది వైపు నేల. వరి వేస్తారు, నీళ్ళు పెడతారు, నీళ్ళు ఇంకాక మడి మీద ఉప్పు తెల్లగా తేలుతుంది. ఉప్పు తేలిన పొలంలో కొన్నేళ్ళు లూసర్న్ గడ్డి వేసి, నేలని తేరుకోనిచ్చి మళ్ళీ వరికి వెళ్ళడం మా వాళ్ళ పద్ధతి. లూసర్న్ వేళ్ళకి చిన్న చిన్న బుడిపెలుంటాయి. వాటిలో కాపురముండే బాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి గడ్డికి తిండిగా మార్చి పెడుతుంది. బదులుగా గడ్డి దానికి తీపి తాగిస్తుంది. ఉప్పు ముదిరితే ఆ బాక్టీరియా చస్తుంది, గడ్డి పసుపు తిరుగుతుంది, ఆ తర్వాత నేల ఎందుకూ పనికిరాదు. వదిన పనిచేసిన గడ్డి పరిశోధన కేంద్రానికి ఉన్న దిగులంతా ఇదొక్కటే.

ఆ దిగులుకి మందు కనిపెట్టింది వదినే. చదువు అయిపోయి కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు, నది ఎప్పుడో వదిలేసిన పాత రేవు దగ్గర, ఉప్పు పొదలు తప్ప ఏమీ బతకని చోట, ఒక్క లూసర్న్ మొక్క పచ్చగా నిలబడి ఉండటం చూసిందట. మోకాళ్ళ మీద కూర్చుని చాకుతో తవ్వి, వేరు బుడిపెని గోటితో చీల్చి చూస్తే లోపల గులాబీ రంగు! బుడిపె పనిచేస్తోంది అనడానికి అదే గుర్తు. తెల్లగా ఉంటే లోపలున్న వాళ్ళు తిని కూర్చుంటున్నారని అర్థం. ఆ బుడిపెలోని బాక్టీరియాని తెచ్చి గాజు గొట్టంలో జిగురు మీద పెంచింది. కేంద్రం వాళ్ళు దానికి ఏదో అంకె తగిలించారు. వదిన మాత్రం ‘ఉప్పోడు’ అని పిలుచుకునేది.

పెళ్ళి చేసుకోలేదు. సంబంధాలు రాక కాదు. వచ్చిన ఒకాయనకి టీ ఇవ్వమని పంపితే, టీ చల్లారేదాకా ఉప్పోడి గొప్పలు చెప్పి, చివర్లో వేరు చీల్చి చూపించిందట. ఆ పెద్దమనిషి మళ్ళీ మా వీధి మొహం చూడలేదు.

నేను వచ్చిన కొన్నేళ్ళకి దేశమే మారిపోయింది. మాస్కో నుంచి జీతాలు ఆగాయి, కేంద్రానికి బొగ్గు ఆగింది, ఆ తర్వాత కరెంటు తీసేశారు. కేంద్రంలో మొక్కలు పెంచే గాజు తోట అద్దాలు ఒక్కొక్కటే మాయమై ఊళ్ళో కోళ్ళ గూళ్ళకి అమరాయి. ఒక సాయంత్రం వదిన చంకలో చెక్క పెట్టెతో ఇంటికొచ్చి, నన్ను అడగకుండా ఫ్రిజ్ తలుపు తీసి, పై అరలో ఉన్న వెన్నా మీగడా కిందికి దింపడం మొదలుపెట్టింది.

"ఏం చేస్తున్నావు వదినా? మీ తమ్ముడు రేపు సంత నుంచి గొర్రె తొడ తెస్తానన్నాడు. దాన్ని నా నెత్తి మీద పెట్టుకోనా?"

"కింది అర నీది, పై అర వాడిది. వాడు నీ మాంసం తినడు, నీ జోలికి రాడు. ఎందుకే అంత అరుస్తావు?"

"వాడెవడు?" అంటూ మా ఆయన గుమ్మంలోంచి తొంగి చూశాడు. "ఓహో, ఇన్నాళ్ళకి మా అక్క ఒకణ్ణి ఇంటికి తెచ్చిందన్నమాట! మరి మాకు చెప్పరేం? పెళ్ళి విందుకి గుర్రాన్ని కోసేవాళ్ళం కదా!"

"నోర్ముయ్‌రా, తలుపు వెయ్యి. వాడికి వేడి పడదు."

అలా ఉప్పోడు మా ఇంట్లో దిగాడు. నాకు ఒళ్ళు మండేది. వాడికి తిండి వండటం కూడా నా పొయ్యి మీదే. నా రొట్టెల ఈస్ట్ ఉడికించి, నా చక్కెర వేసి, అందులో జిగురు కరిగించి, గొట్టాల్లో పోసి, మాంసం ఉడికించే నా ప్రెషర్ కుక్కర్లోనే పెట్టి వాటిని శుద్ధి చేసేది. కొన్నాళ్ళ పాటు మా ఇంట్లో పులుసు తిన్న చుట్టాలు ‘ఇందులో ఏం వేశావు?’ అని అడుగుతూ ఉండేవాళ్ళు. నేను వదిన వైపు చూసేదాన్ని, ఆమె కిటికీ వైపు చూసేది.

గొట్టంలో బాక్టీరియా ఊరికే ఉండదు. ఆ తిండి అయిపోయేలోగా కొత్త గొట్టంలోకి మార్చాలి. వదిన తీగని గ్యాస్ మంట మీద ఎర్రగా కాల్చి, చల్లార్చి, పళ్ళెంలో జిగురు మీద చుక్కలు చుక్కలుగా పెరిగిన బాక్టీరియాలోంచి ఒక చుక్క ఎత్తి కొత్త గొట్టంలో గీసేది. ఏది ఎత్తాలో చూసుకునేటప్పుడు ఆమె మొహం చూడాలి, కోడిపిల్లల్లో ఎక్కువ మేసేదాన్ని ఎంచుతున్నట్టు ఉండేది. గుండ్రంగా, పెద్దగా, తేనె పూసినట్టు మెరిసేది కావాలి. "చూడు కుల్పాష్, ఎంత నిగనిగలాడుతున్నాడో! చలి వీణ్ణేమీ చెయ్యలేదు" అనేది. నాకు అది ముక్కు చీమిడి లాగా కనిపించేది, ఆ మాటే అనేదాన్ని. ఆమె పట్టించుకునేది కాదు.

పాత రోజుల్లో ఇలా గొట్టం నుంచి గొట్టానికి మార్చినవాణ్ణి మధ్య మధ్యలో గాజు తోటలో లూసర్న్ వేళ్ళకి పట్టించి, సీజన్ అంతా పెంచి, బుడిపెలు కోసి రంగు చూసి, అందులోంచి మళ్ళీ తీసేవాళ్ళు. ఇప్పుడు గాజు తోట లేదు. వదిన మా వంటింటి కిటికీలో పచ్చడి సీసాల్లో ఇసుక పోసి లూసర్న్ మొలిపించేది. లేత వేరుకి బుడిపె వచ్చిందంటే పండగే, భూతద్దంలో చూపించి మా అందరి చేతా ‘ఆహా’ అనిపించేది. లేత బుడిపె ఎవడిదైనా తెల్లగానే ఉంటుంది. రంగు తర్వాత రావాలి. ఆ తర్వాత అనేదాకా ఆ మొక్కలు బతికేవి కావు, కిటికీ చలికి వడలిపోయేవి. "బుడిపె కట్టాడు కదా, చాలు. మిగతాది పొలంలో చూస్తాను" అనేది. మొదటి ఏళ్ళలో పొలంలో చూసింది కూడా, గులాబీ రంగే కనబడింది. ఆ తర్వాత మోకాళ్ళు పట్టేశాయి. రైతుల్ని అడిగేది. బుడిపెలు నిండుగా ఉన్నాయని వాళ్ళు చెప్పేవాళ్ళు. అది అబద్ధం కాదు.

జీతం లేకపోయినా ప్రతి వసంతంలో వదిన కుళ్ళిన ఆకులతో నల్లబడ్డ పీట్ మట్టిలో ఉప్పోణ్ణి కలిపి పొట్లాలు కట్టేది. రైతులు మా గుమ్మంలో బూట్లు విప్పి వరసగా కూర్చునేవాళ్ళు. విత్తనాలకి మజ్జిగ తేట చిలకరించి, ఆ పొడి పట్టించి చల్లుకోవాలి. పాత రేవు వైపు పొలాలు చేసే ముసలాయన, బెక్మిర్జా అనే కుర్రాడి నాన్న, అందరికంటే ముందు వచ్చేవాడు, ఎప్పుడూ వట్టి చేతులతో రాలేదు. మా వాళ్ళకి శీతాకాలపు మాంసంలో పెద్దల వాటా తీసి పక్కన పెట్టడం అలవాటు. దూరాన ఉన్న ఆడపడుచు వాటాకి ఉప్పు పట్టించి, వసంతం దాకా ఉంచి మరీ అందిస్తారు. ఆ ముసలాయన వదినని సొంత చెల్లెలి కిందే జమకట్టి, తొడ ఎముక ఉన్న ముక్క తెచ్చి నా చేతిలో పెట్టేవాడు. "ఇది నీ వదిన వాటా. నువ్వు సగం మింగితే నాకు తెలిసిపోతుంది" అనేవాడు.

తొగ్జాన్ మా బడి పంతులుగారి కూతురు. ఆల్మాటీలో చదువుకుని, బాక్టీరియా జన్యువుల్ని అక్షరం అక్షరం చదివే ఉద్యోగంలో చేరింది. ఒక వేసవిలో ఉప్పోడి గొట్టం ఒకటి పట్టుకెళ్ళింది, మరుసటి వేసవికి కబురు తెచ్చింది. ఆ రోజు వదిన బావుర్సాకులు తనే వేయిస్తానని కూర్చుంది. పిండి ఉండలు సగం మాడ్చింది.

"జన్యువంటే ఒక కబురు పెద్దమ్మా. మీ ఉప్పోడి కబుర్లలో ఒకదాని మధ్యలో వేరేవాడు దూరి కూర్చున్నాడు. ఇంట్రాన్ అంటారు. వాడికీ ఆ కబురుకీ ఏ సంబంధమూ లేదు" అంది తొగ్జాన్.

వదిన మొహం పాలిపోయింది. "అంటే కబురు పాడైనట్టేనా?"

"అదే వింత. చదవడానికి నకలు తీస్తే, వాడు ఆ నకల్లోంచి తనంతట తనే తెంపుకుని బయటికొచ్చేస్తాడు. పోతూ పోతూ తెగిన అంచులు రెండూ కలిపి కుట్టేస్తాడు. కబురు మళ్ళీ చక్కగా ఉంటుంది. కత్తెర వాడే, సూది వాడే."

"భలే దొంగ" అన్నాను నేను. "ఇంట్లో దూరి, పడుకుని, లేచి, పక్కబట్టలు మడతపెట్టి పోతాడన్నమాట. మీ తమ్ముడికి నేర్పించు వదినా."

"దొంగ అనకే!" వదిన గరిటె నా మీదికి ఎత్తింది. "దేవుడు పంపిన అతిథి వాడు. పేరు అడక్కుండా అన్నం పెట్టాలి, వాడూ ఏమీ చెడగొట్టకుండా వెళ్ళిపోవాలి. మన వాడే, మన పద్ధతే."

"అప్పుడప్పుడూ తనలాంటివాణ్ణి ఒకణ్ణి తయారు చేసి ఇంకో చోటికి గెంతిస్తాడు కూడా" అంది తొగ్జాన్. "మట్టి బాక్టీరియాలో ఇలా గెంతే ముక్కలు బోలెడు."

ఆ మాట వదిన చెవికెక్కలేదు. అతిథి కథ మాత్రం ఊరంతా చెప్పింది. పెళ్ళిళ్ళలో చెప్పింది, చావు భోజనాల్లో చెప్పింది. ఆమెకి పిల్లల్లేరు కదా, పిల్లవాడి తెలివి గురించి చెప్పుకునే ముచ్చట అలా తీరిందేమో. నేను వెక్కిరించేదాన్ని కానీ, ఆమె మొహంలో అంత వెలుగు నేను ఆ తర్వాత చూడలేదు.

గడ్డి పసుపు తిరగడం ఎప్పుడు మొదలైందో ఎవరూ సరిగ్గా చెప్పలేరు. మొదట నీళ్ళు తక్కువన్నారు. తర్వాత ఉప్పు పెరిగిందన్నారు. విత్తనం మంచిది కాదన్నారు. ఉప్పోడి మీద అనుమానం ఒక్కరికీ రాలేదు, వాడు మా ఇంటి మనిషి. వదిన ఇంకా ఎక్కువ పొట్లాలు కట్టింది, పోయిన ఏడు పట్టించిన చేలకి మళ్ళీ పట్టించమంది. ఒక వేసవి తొగ్జాన్ పొలాల్లోంచి నడిచొస్తూ దారిలో పీకిన మొక్కతో గుమ్మంలోకి వచ్చింది. వేళ్ళ నిండా బుడిపెలు. ఒకటి గోటితో చీల్చింది. ఇంకోటి చీల్చింది.

"పెద్దమ్మా, ఇవి ముదురు బుడిపెలు. ఇంకా తెల్లగా ఉన్నాయేంటి?"

వదిన కళ్ళద్దాలు పెట్టుకుని చూసింది. లేచి, కర్ర పట్టుకుని మా పెరటి వెనక చేలోకి వెళ్ళింది. నేను కిటికీలోంచి చూస్తున్నాను. పట్టేసిన ఆ మోకాళ్ళ మీదే కూర్చుని మొక్క తర్వాత మొక్క పీకుతూ పోయింది. తిరిగి వచ్చేటప్పటికి గోళ్ళ నిండా మట్టి, పెదవులు తెల్లబారి ఉన్నాయి. "గొట్టం పట్టుకెళ్ళు తల్లీ. మొత్తం చదివించు" అంది తొగ్జాన్‌తో.

తొగ్జాన్ చలి మొదలయ్యాక వచ్చింది. టీ పోసి ఇచ్చాను, ముట్టుకోలేదు.

"అతిథి గెంతాడు పెద్దమ్మా. నత్రజని పట్టే జన్యువుల్లో ఒకదాని మధ్యలో పడ్డాడు."

"పడితే ఏమైంది? తెంపుకుని పోతాడు కదా. నువ్వే చెప్పావు."

"తిరగబడి దిగాడు. అద్దంలో రాసిన రాత లాగా. నకలు తీస్తే ఆ నకల్లో వాడి మాటలు వాడికే అర్థం కావు. ఎక్కడ తెంపుకోవాలో తెలీదు. అక్కడే ఉండిపోయాడు. ఇంక ఆ కబురు కబురు కాదు."

వదిన టీ గిన్నె పక్కకి జరిపింది. "ఎప్పుడు జరిగింది?"

"ఎలా చెప్పను? గొట్టంలో ఉన్నవాడికి నత్రజని పట్టే పనే లేదు. తిండి మీరు పెడుతున్నారు. ఆ పని మర్చిపోయినవాడికి నష్టమేమీ లేదు, ఇంకా హాయిగా బలిసి ఉంటాడు."

"మెరుస్తున్నాడు కదా అని..." అంది వదిన. "పెద్దగా ఉన్నాడు కదా అని వాణ్ణే ఎత్తాను. ప్రతిసారీ వాణ్ణే ఎత్తాను."

ఆమెను ఎన్ని మాటలన్నానో అన్నీ నోటికి అడ్డం పడ్డాయి. "నీకేం తెలుసు వదినా, పైనుంచి చూస్తే ఏం తెలుస్తుంది" అన్నాను.

"ఆల్మాటీ బాక్టీరియా భాండాగారంలో మన పాత ఉప్పోడు ఉన్నాడు" అని వదిన ఒక్కసారి లేచింది. "నేను రేవు దగ్గర తీసిన మొదటివాడు! ఎండబెట్టి, గాజు బుడ్డిలో మూసి పంపాం. వాణ్ణి తెరిపించు."

తొగ్జాన్ తల దించుకుంది. "అడిగాను. ఇప్పుడున్న బుడ్డి అది కాదు. పాతది నీరసంగా లేస్తోంది, దాన్ని తీసేసి బలంగా ఉన్న ఈ కొత్తవాణ్ణి పెట్టుకోండి అని మీరే పంపారట. వాళ్ళు మీ మాట విన్నారు."

మిగిలింది పాత రేవు ఒక్కటే. ఉప్పోడు పుట్టిన ఆ నేలలో వాడి అసలు వంశం ఇంకా బతికి ఉండాలి. ఒక్క గులాబీ బుడిపె దొరికితే చాలు, మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టవచ్చు. దొరక్కపోతే ఈ ఉప్పు నేలకి వేరే మందు లేదు. వదిన ఆ శీతాకాలమంతా ఇదే మాట చెప్పుకుంటూ గడిపింది. మంచు కరిగి, గడ్డి మోకాలెత్తు లేచాక మా ఆయన పాత జీపు బయటికి తీశాడు. నేను రొట్టె, ఎండబెట్టిన పెరుగు కుర్త్ ఉండలు మూటగట్టి వెనక సీట్లో తొగ్జాన్ పక్కన కూర్చున్నాను. వదిన ముందు సీట్లో చాకు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

పాత రేవు పక్కన ఇప్పుడు చేను ఉంది. ముసలాయన పోయాక కొడుకు బెక్మిర్జా చేస్తున్నాడు. గుర్రం మీద ఎదురొచ్చి, దిగి, వదిన చెయ్యి రెండు చేతుల్తో పట్టుకున్నాడు. వదిన అతనితో నాలుగు మాటలు కూడా ఆడకుండా తనకి గుర్తున్న చోటికి నడిచింది. ఉప్పు పొదల మధ్య ఇంకా అక్కడక్కడ లూసర్న్ ఉంది, ఎవరూ విత్తినట్టు లేదు, చెదురుమదురుగా లేచింది. అది చూసి వదిన నడక మారిపోయింది. కర్ర పారేసి కూర్చుంది. తవ్వింది, వేరు బయటికి లాగింది, చీల్చింది. తెలుపు. పక్క మొక్క. తెలుపు. తొగ్జాన్ ఆ చివర నుంచి తవ్వుతూ వచ్చింది, నేనూ కూర్చున్నాను, మా ఆయన కూడా నడుం పట్టుకుంటూ కూర్చున్నాడు. మేము నలుగురం ఆ ఉప్పు మట్టిలో పిచ్చివాళ్ళలా గోళ్ళతో బుడిపెలు చీల్చుకుంటూ పోతుంటే బెక్మిర్జా గుర్రం కళ్ళెం పట్టుకుని ఆనందంగా చూస్తూ నిలబడ్డాడు.

"చూశావా అత్తా, ఎన్ని బుడిపెలో! నీ మందు చలవే."

వదిన తలెత్తింది. "ఇక్కడెవరు చల్లారు నా మందు? ఇది చేను కాదు కదా?"

"చేనుకంటే ముందు ఇక్కడే కదా చల్లేది! నాన్న మాట అది. ‘నా చెల్లెలికి ఈ మందు ఈ రేవు ఇచ్చింది, మొదటి వాటా రేవుకే పెట్టాలి’ అనేవాడు. ప్రతి ఏడూ నువ్విచ్చిన పొట్లంలో మొదటి పిడికెడు తీసి, విత్తనాలతో కలిపి ఈ పొదల మధ్య చల్లి, ఆ తర్వాతే చేలోకి వెళ్ళేవాళ్ళం. నాన్న పోయినా నేను ఒక్క ఏడు కూడా మానలేదు అత్తా. పెద్దల వాటా తప్పిస్తామా?"

ఇక్కడి వాళ్ళందరికీ తెలుసు ముసలాయన ఎంత మంచివాడో. ఆ మంచితనం వల్లే, రేవులో పుట్టిన అసలువాళ్ళ బుడిపెలన్నీ, అసలువాళ్ళు ఉండాల్సిన చోటన్నీ ఈ బలిసినవాడు ఆక్రమించుకున్నాడు. అంతకంటే ఘోరం తొగ్జాన్ తర్వాత చెప్పింది. ఆ జన్యువులుండే గుండ్రటి డీఎన్ఏ వలయాన్ని బాక్టీరియా ఒకదానికొకటి అందించుకుంటుందట. చెడిన కబురు పక్కింటివాళ్ళకీ చేరి ఉంటుంది. చుట్టాలు ఒకరింటి వస్తువు ఒకరు అడిగి తీసుకున్నట్టే.

వదిన బెక్మిర్జాకి నిజం చెప్పింది. దాచలేదు. మందు చెడిపోయిందని, చాలా ఏళ్ళ కిందటే చెడిపోయిందని, చేలు పసుపెక్కడానికి అదే కారణమని, ఇంక చల్లవద్దని. అతను విని, నా వైపు చూసి, ‘అత్తకి ఒంట్లో బాగోలేదా?’ అన్నట్టు కళ్ళతో అడిగాడు.

"బుడిపెలున్నాయి కదా అత్తా!"

"లోపల తెల్లగా ఉన్నాయి నాయనా."

"ఉంటే ఏమైంది? నీళ్ళొస్తే ఎర్రబడతాయిలే. నువ్వు దిగులు పడకు. పద, ఇంటికి. నీ వాటా ఉంచాను, మీ కోడలు ఉప్పు పట్టించి అట్టే పెట్టింది."

వెళ్ళాం. తిన్నాం. వదిన తొడ ఎముక పట్టుకుని మాంసం చాకుతో కోసుకుని నమిలింది. బెక్మిర్జా భార్య ఆమె గిన్నెలో టీ కొద్దికొద్దిగా పోస్తూ ఎంతో మర్యాదగా కూర్చుంది. తిరిగి వచ్చేటప్పుడు దారిలో వదిన జీపు ఆపమని అడిగింది. దిగి తిన్నదంతా కక్కేసింది.

ఇంటికొచ్చిన మర్నాడు ఫ్రిజ్ పై అర ఖాళీ చేసింది. గొట్టాలన్నీ నా కుక్కర్లో పేర్చింది.

"ఒక్కటైనా ఉంచు వదినా" అన్నాను. నేనేనా ఆ మాట అన్నది అని నాకే ఆశ్చర్యం వేసింది.

"దేనికి?"

"ఊరికే. ఇన్నాళ్ళు మనింట్లో ఉన్నాడు."

"వీడు వాడు కాదే" అంది. మూత బిగించి, పొయ్యి వెలిగించింది. ఆవిరి కూత పెడుతుంటే వంటింట్లోంచి వెళ్ళకుండా, స్టూలు మీద కూర్చుని కుక్కర్ వైపే చూసింది. చల్లారాక గొట్టాల్లో ఉన్నదంతా పెరట్లో గొయ్యి తీసి పోసింది, గొట్టాలు కడిగి బోర్లించింది. "ఇంక నీ వెన్న పైన పెట్టుకో" అంది. నేను పెట్టుకోలేదు.

ఆ వేసవి, దాని తర్వాతి వేసవి, నడవగలిగినన్ని రోజులు వదిన నది పాయల వెంట తిరిగింది. దొరికిన ప్రతి లూసర్న్ మొక్కనీ తవ్వింది. కొన్నిసార్లు దూరపు ఊళ్ళలో గులాబీ బుడిపె దొరికేది. తొగ్జాన్‌కి పంపితే, ఉప్పు తగిలితే చచ్చిపోతోందని కబురొచ్చేది. తొగ్జాన్ ఆ తర్వాత వేరే పనిలోకి మారింది, తప్పు పట్టను. గుమ్మంలో బూట్లు విప్పే రైతులు తగ్గిపోయారు. కొందరు వరీ గడ్డీ మానేసి నేలని ఉప్పుకే వదిలేశారు. వచ్చినవాళ్ళకి వదిన ‘లేదు’ అని చెప్పేది. ముసలిదానికి పొగరెక్కిందని ఒకడు నాకు వినబడేలాగే అన్నాడు. నేను వాడి బూటు తీసి వీధిలోకి విసిరాను.

వదిన శీతాకాలంలో ఊపిరితిత్తుల జబ్బుతో పోయింది. చివరి రోజుల్లో ఉప్పోడి మాట ఎత్తలేదు. ఒకసారి మాత్రం నన్ను దగ్గరికి పిలిచి, "అతిథి తప్పేమీ లేదే. వాడికి తెలీదు" అంది. నేను దుప్పటి సర్దాను.

మా ఆడవాళ్ళం ఖననానికి వెళ్ళం. వేసవి మొదలయ్యాక నేను ఒక్కదాన్నే శ్మశానానికి వెళ్ళాను. వదిన సమాధి చుట్టూ కట్టిన ఇనప కంచె లోపల లూసర్న్ లేచి ఉంది. బెక్మిర్జా అక్కడే ఉన్నాడు, బకెట్టుతో నీళ్ళు పోస్తున్నాడు.

"అత్త ఇచ్చిన ఆఖరి పొట్లం దాచి ఉంచాను పిన్నీ" అన్నాడు, చెయ్యి గుండె మీద పెట్టుకుని. "అత్త వద్దంది కానీ, అత్త వాటా అత్తకి చేరకపోతే ఎలా? మొత్తం ఇక్కడే చల్లాను. వేళ్ళు చూడు, ఎలా పట్టాయో."

ఆకులు అప్పటికే అంచుల్లో పసుపెక్కాయి. వంగి ఒక మొక్క పీకాను. ఇన్నేళ్ళలో ఆ పని నేను ఒంటరిగా చేయడం అదే మొదలు. వేళ్ళ నిండా బుడిపెలు, ద్రాక్ష గుత్తుల్లా. అతనికి కనబడకుండా ఒకటి బొటనవేలి గోటితో చీల్చాను. తెల్లగా ఉంది. పిడికిలి మూసుకున్నాను.

"ఉన్నాయా పిన్నీ బుడిపెలు?" అని అడిగాడు అతను, బకెట్టు కింద పెడుతూ.

"ఉన్నాయి నాయనా" అన్నాను. "నిండా ఉన్నాయి."